నాలుగో చక్రం మీది పసుపు

"మొగుడికి సొంత చేత్తోని తినిపించి సంపింది మేడం" అని సి.ఐ. శ్రావణ్‌కుమార్ నాతో అన్నప్పుడు ముత్యమ్మ అక్కడే, గోడ వారన, కింద కూర్చుని ఉంది. ఆమెకు వినపడాలనే అంత గట్టిగా అన్నాడు. మనిషిని విరగ్గొట్టడానికి ప్రతిసారీ లాఠీ అక్కర్లేదని ఆయనకు బాగా తెలుసు.

ఆయన మీద నాకు కోపం ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. పటాన్‌చెరులో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి సేఫ్టీ ఆఫీసరుగా చేసి, విసుగొచ్చి మానేసి, డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నదాన్ని నేను. పేరు మహిత. ఆ పేరు మాత్రం ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నేను గడప దాటగానే "హెల్మెట్ మేడం వచ్చింది, కుర్సీ ఎయ్" అంటాడు. కానిస్టేబుళ్లు నవ్వుతారు. నేను కుర్చీలో కూర్చుంటాను.

కేసు చూడ్డానికి చిన్నదే. చనిపోయింది ముత్యమ్మ భర్త నర్సింగ్. ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో కాపురం, పప్పుల వ్యాపారి రాజేశం దగ్గర డ్రైవర్ ఉద్యోగం. పోయిన సోమవారం రాత్రి అన్నం తిన్నాక వాంతులు, కాళ్లూ చేతులూ కొంకర్లు. తెల్లవారేసరికి గుండె ఆగిపోయింది. ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు. కానీ ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాల అరుపులు పక్క గదుల వాళ్లు విన్నారు, ఆమె ముద్దలు చేసి పెట్టడం కళ్లారా చూశారు. శ్రావణ్‌కుమార్‌కు అది చాలు. ఈ సాయంత్రం ముత్యమ్మను కోర్టులో హాజరుపరిచి రిమాండుకు పంపేస్తాడు. ఆమె అక్క పొద్దున్నే నా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, వకీలు చేత కాగితం రాయించుకుని పరుగున వచ్చాను.

నేను కుర్చీ వదిలి ముత్యమ్మ ఎదురుగా కింద కూర్చున్నాను.

"అక్కా, రోజు నువ్వే తినిపిస్తవా ఆయనకు?"

"లేదమ్మా. లగ్గమైన కాడి సంది ఎన్నడు లేదు. గా దినమే."

"గా దినమే ఎందుకు?"

"చేతులు మండుతున్నయన్నడు. అన్నం కలుపనీకి వస్తలేదన్నడు. ఆకలితోని పండుకుంటడా మనిషి? నేనే కలిపి పెట్టిన."

"మిరపకాయలు ఏరిండేమో" అన్నాడు వెనక నుంచి శ్రావణ్‌కుమార్.

నేను తల తిప్పలేదు. "చేతులు చూసినవా? బొబ్బలు లేసినయా?"

"బొబ్బలు లేవు, ఏం లేవమ్మా. సూస్తే ఏం కనవడది. వేళ్ల కొసలు తెల్లగయినయ్, శానసేపు నీళ్లల్ల నానినట్టు. మంట తోలు మీద కాదే, బొక్కలల్ల ఉన్నదే అన్నడు. కొబ్బరినూనె రాసిన. దవాఖానకు పోదాం లెవ్వు అని నేను ఒర్రిన, పొద్దుగాల పోదాం తియ్ అని ఆయన ఒర్రిండు. గదేనమ్మా లొల్లి. గింతకు మించి మాకు లొల్లి లేదు."

బొబ్బ లేకుండా కాలే కాలుడు, తోలును వదిలి ఎముకలో మండే మంట. దీని గురించి ఎంతమంది కార్మికులకు పాఠం చెప్పానో లెక్కలేదు. నేను చెప్పే చోట అది ఎవరికీ జరగకూడదని భయంతో చెప్పేదాన్ని.

"సోమవారం పొద్దున ఏం పని చేసిండు అక్కా?"

"బండి కడుగుడే. సావుకారి సోమారం సోమారం బొంతపల్లి వీరభద్రుని గుడికి పోతడు గద. బండి కడిగి చక్రాలకు పసుపు రాయాలె. మూడు చక్రాలు ఈయన కడుగుతడు. ముందటి కుడి చక్రం సావుకారే కడుక్కుంటడు. వాళ్ల నాయన ఎడ్లబండి మీద అంగళ్లకు తిరిగిన నాటి సంది గా మొక్కు ఉన్నదట. గా చక్రాన్ని ఎవ్వర్ని ముట్టనియ్యడు. దానికి కడిగే మందు సీసా వేరే, బట్ట వేరే."

"మరి గా దినం?"

"గా దినం సావుకారి దాయాదులల్ల ఎవరో ముసలాయన పోయిండని ఫోన్ వచ్చిందట. మైల అయింది. గుడికి పోవుడు బందు. కని చక్రం కడుగుడు తప్పొద్దని ఈయనతోని కడిగిచ్చిండు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇయ్యాల నాలుగు చక్రాలు నేనే కడిగినని ఇంటికొచ్చి మురుసుకుంట చెప్పిండమ్మా."

నేను లేచి నిలబడ్డాను. "సార్, నాకు గా కారు చూడాలె."

"కారా? తిని సచ్చినోని కేసుల కారేంది మేడం?"

"మీరు ఈమెను రిమాండుకు పంపినంక, కడుపుల ఏం లేదని ల్యాబ్ రిపోర్టు వస్తే? పేపరోళ్లు వస్తే మీ పక్కన నేనే నిలవడ్త. ముత్యమ్మ చేతుల గురించి చెప్పిందని, మీరు మిరపకాయలని నవ్విన్రని అదే చెప్త."

ఆయన టోపీ తీసుకున్నాడు. నిజం తేలాలని కాదు, నేను ఓడిపోతుంటే దగ్గరుండి చూడాలని వచ్చాడు. ఏ కారణంతో వస్తేనేం, రావడమే నాకు కావాలి.

జీపులో దారి పొడుగునా రాజేశం గురించి చెబుతూనే ఉన్నాడు. "సంగారెడ్డి మార్కెట్ల గసుంటి పెద్దమనిషి లేడు మేడం. కొడుకు నిఖిలేష్‌కు పటాన్‌చెరుల స్టీలు పాలిషింగ్ యూనిట్ పెట్టిచ్చిండు. దాని నీళ్లు పొలాలల్ల వడుతున్నయని ఊరోళ్లు వస్తే, సొంత కొడుకు యూనిట్‌కే దసరాకు తాళం ఏస్తనని గుళ్లె మాటిచ్చిండు. గసుంటి ఇంటి మీద పడ్తున్నవ్ నువ్వు."

మంచితనం గురించి చెబుతున్నాననుకుని ఆయన నాకు ఇంకేదో చెప్పాడు.

రాజేశం ఇల్లు ఇస్నాపూర్ చివర ఉంది. తండ్రీ కొడుకులు బొంతపల్లి గుడికి వెళ్లారు. ఫోన్ చేస్తే రాజేశమే ఎత్తి, "సూసుకోండమ్మా, మేం దారిల ఉన్నం" అన్నాడు. వాకిట్లో ఒక పక్కగా రేకుల షెడ్డు. నర్సింగ్ పోయిన తర్వాత ఆ కారును ఎవరూ కదిలించలేదని వాచ్‌మన్ చెప్పాడు. డ్రైవర్ చచ్చిపోయిన బండి ఎక్కడానికి సావుకారికి మనసొప్పలేదట.

నేను చక్రాల పక్కన గొంతుక్కూర్చున్నాను.

కారున్న ప్రతివాడికీ ఈ మాట చెప్పాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. చక్రానికి పట్టే ఆ నల్లటి పొడి రోడ్డు మీది దుమ్ము కాదు. బ్రేకు తొక్కినప్పుడల్లా బ్రేకు ప్యాడూ ఇనప డిస్కూ అరిగి రాలే పొడి. పొడిగా ఉండగా దులిపితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గాలి గొట్టంతో ఊదితే ఇంకా నాశనం. చక్రం చల్లారనిచ్చి, ముందు నీళ్లతో తడిపి, చేతికి తొడుగులు వేసుకుని, మామూలు సబ్బు నీళ్లతో మెత్తగా రుద్ది, మళ్లీ ధారాళంగా కడిగేస్తే చాలు. ఇంత తేలిక కాబట్టే ఎవరూ చెయ్యరు. తొందరగా తెల్లబడాలని ఎవడు ఏ సీసా ఇస్తే అది పోస్తారు.

నర్సింగ్ చాకలి సోడా నీళ్లతో కడిగేవాడని వాచ్‌మన్ చెప్పాడు. మూడు చక్రాల సందుల్లో నల్లపొడి ఇంకా కనపడుతోంది. మధ్యలో కుంకుమ బొట్టు, చుట్టూ రాసిన పసుపు ఎండి ఎర్రగా మారి ఉంది. నాలుగోది, ముందు కుడి చక్రం, వేరే బండిదేమో అన్నట్టుంది. మెరుపు పోయి పాలిపోయిన తెలుపు. బ్రేకు పొడి రవ్వంత కూడా లేదు. దాని మీది పసుపు మాత్రం పచ్చగా, రాసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"సార్, ఇటు రండి. ఈ మూడింటికి ఏం రాసి ఉన్నది?"

"కుంకుమ."

"బొట్టు కుంకుమ. సుట్టు ఉన్నది పసుపు. ఎర్రగ ఎందుకయింది? మీ ఇంట్ల పారాణి కలుపుతుంటే ఎన్నడన్న చూసిన్రా? పసుపుల సున్నం కలిపితే ఎర్రగయితది. సోడా తగిలినా గంతే. కడిగిన సోడా సరిగ్గ పోలేదు, పసుపు ఎర్రవడ్డది. మరి ఈ నాలుగోది ఎందుకు ఎర్రవడలేదు?"

ఆయన వంగి చూశాడు. "దీన్ని సోడాతోని కడగలేదు."

"కడగలేదు. యాసిడ్‌తోని కడిగిండు. యాసిడ్ తగిలితే పసుపు పచ్చగనే ఉంటది. కింద సిమెంటు చూడుండ్రి."

చక్రం కింద నేల తెల్లగా పొంగి, గోటితో గీస్తే రాలిపోతోంది. శ్రావణ్‌కుమార్ జేబులోంచి చేతులు తీశాడు. అయినా ఒప్పుకోలేదు. "బాత్‌రూములు కడిగే యాసిడ్ కావచ్చు. దానికి మనిషి సస్తడా? మా ఇంట్ల రోజు వాడ్తరు."

అప్పుడు నాకు గాజు గ్లాసు కనపడింది. షెడ్డు గోడకు ఆనించిన ఇటుకల మీద, ఆ చక్రానికి చేతి దూరంలో ఉంది. అడుగున ఎండిన చాయ్ మరక. నర్సింగ్ గ్లాసే అయ్యుండాలి. రుమాలుతో పట్టుకుని వెలుతురులో తిప్పాను. చక్రం వైపున్న సగం మీద చుక్కలు చుక్కలుగా తెల్లటి మచ్చలు. మిగతా సగం శుభ్రంగా ఉంది.

"పాల మరకలు" అన్నాడు.

"పాలు గ్లాసు లోపల పోస్తరు సార్, బయట కాదు. తుడుసుండ్రి."

రుమాలు తడిపి రుద్దాడు. గోటితో గీకాడు. మచ్చ పోలేదు. వేలితో తడిమి చూస్తే అక్కడ గాజు గరగరలాడింది. గాజునే తినేసింది.

"గాజును తినే యాసిడ్ నాకు తెలిసి ఒక్కటే" అన్నాను. "హైడ్రోఫ్లోరిక్. స్టీలు తెల్లగ చేసే కాడ వాడ్తరు. పలచగ ఉంటే తోలు మీద వడ్డప్పుడు ఏం తెల్వది. మెల్లగ లోపలికి దిగుతది. ఒంట్ల కాల్షియాన్ని అంత అది గుంజుకుంటది. నెత్తుర్ల కాల్షియం పడిపోయినంక గుండె ఆగిపోతది. నర్సింగ్‌కు విషం ఎక్కింది నోట్ల నుంచి కాదు, చేతులల్ల నుంచి. గా అన్నం ముద్దల ఏం లేదు సార్. ఆకలైన మనిషికి పెండ్లాం పెట్టిన ముద్ద గది."

శ్రావణ్‌కుమార్ గ్లాసును మళ్లీ వెలుతురుకు పట్టి చూశాడు. మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు.

"సరే. సీసా ఏది?"

షెడ్డు గోడలో చిన్న గూడు ఉంది. పసుపు పొట్లం, మడత పెట్టిన బట్ట ఉన్నాయి. దుమ్ములో గుండ్రటి అచ్చు ఉంది. సీసా లేదు.

"సీసా లేకుంటె కేసు లేదు మేడం. గ్లాసు మీది మచ్చలు చూపిస్తే కోర్టుల నవ్వుతరు. ఇంకోటి. ఒక డ్రైవర్‌ను సంపనీకి ఇంత తెలివి ఎవలు పెడ్తరు?"

"డ్రైవర్‌ను సంపాలని ఎవరు అనుకోలే. గా చక్రం ఎవ్వర్ని ముట్టనియ్యడని ముత్యమ్మ చెప్పింది మీరు గూడ విన్నరు. గా సీసా పెట్టినోడు రాజేశం చేతుల కోసం పెట్టిండు. పొద్దుపొద్దున్నే ముసలాయన పోయిండని ఫోన్ వస్తదని, మైల అయితదని వానికి తెల్వది. నర్సింగ్ అడ్డం వచ్చిండు, గంతే."

"మరి పెట్టినోడు తప్పయిందని తెలిసినంక సీసా మాయం చేసిండంటవ్."

అదే నాకూ అర్థం కాలేదు. అనుకున్న మనిషి బతికే ఉన్నాడు. సీసా తీసేస్తే పని సగంలో ఆగినట్టే కదా. అది ఆలోచిస్తూ ఉండగానే గేటు దగ్గర హారన్ మోగింది.

తెల్ల కారు వాకిట్లోకి వచ్చింది. నడుపుతున్నది నిఖిలేష్. ముప్పై ఏళ్లుంటాయి, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. పక్క సీట్లోంచి నుదుటి నిండా విభూతితో రాజేశం దిగాడు. ఎడమ చేతికి కొబ్బరిచిప్పల సంచి వేలాడుతోంది. నేను వాళ్ల ముఖాలు తర్వాత చూశాను. ముందు నా కళ్లు చక్రాల మీద పడ్డాయి.

మూడు చక్రాలు బ్రేకు పొడితో నల్లగా, కడగకుండా ఉన్నాయి. ముందు కుడి చక్రం పాలిపోయి తెల్లగా ఉంది. దాని మీద తాజా పసుపు, పచ్చగా.

నేను ఆ చక్రం దగ్గరికి నడిచాను.

"సావుకారీ, ఈ చక్రం ఎవలు కడిగిన్రు?"

"నేనే అమ్మా" అన్నాడు రాజేశం, అడగడమే వింత అన్నట్టు. "పాత బండి తియ్యబుద్ధి కాలే. ఇయ్యాల కొడుకు బండి మీద పోయినం. మూడొద్దుల మైల తీరిపాయె గద, తప్పిన సోమారం దర్శనం ఇయ్యాల చేసుకున్నం. ఏ బండి మీద పోతే దాని చక్రం కడగాలె."

"ఏంతోని కడిగిన్రు?"

"గూట్ల నా సీసా ఉండె గద, గదే. కొంచమే మిగిలింది. అంత ఒంపిన. ఖాళీ సీసా డిక్కిల ఏసిన, పారేద్దామని."

"చేతులు ఎట్ల ఉన్నయ్?"

"గదే సమజయితలేదమ్మా. గుళ్లె హారతి తీసుకుంటుంటె కొసలు చురుక్కుమన్నయ్. జెర తిమ్మిరి." కుడి చెయ్యి చాపి చూపించాడు. వేళ్ల కొసలు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి.

శ్రావణ్‌కుమార్‌ను మెచ్చుకోవాల్సిన రోజు వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. నేను నోరు తెరవక ముందే ఆయన పరుగెత్తి బోరు పైపు లాక్కొచ్చి ఆ చేతి మీద నీళ్లు వదిలాడు. రెండో చేత్తో ఫోన్ తీసి అంబులెన్సును కేకేస్తున్నాడు.

"నిఖిలేష్, నీళ్లతోని సరిపోదు" అన్నాను. "ఇది స్టీలు పని చేసే యాసిడ్. మీ యూనిట్‌ల ఫస్ట్ ఎయిడ్ డబ్బాల కాల్షియం మందు ఉంటది. తెల్ల ట్యూబు, లోపల నీళ్ల రంగుల జిగురు. అంబులెన్సు వచ్చేదాక అదే రుద్దాలె. జల్దీ తెప్పియ్."

"మా కాడ గా యాసిడ్ వాడం మేడం." గొంతులో వణుకే లేదు. "గా మందు మా కాడ ఎందుకుంటది?"

"ఉన్నది గద బిడ్డా" అన్నాడు రాజేశం. నొప్పి పెరుగుతోంది, పళ్లు బిగించి మాట్లాడుతున్నాడు. "తెల్ల ట్యూబు. నీ బొటనేలు కాలిందని రాసుకుంటుంటివి. బండిల ముందటి అరల పెట్టినవ్, నేను సూసిన. నూనె చిట్లిందంటివి గద, మొన్న గా ఆదివారం..."

ఆగిపోయాడు. కొడుకు చేతి వైపు చూశాడు. నిఖిలేష్ కుడి బొటనవేలికి ఇంకా ప్లాస్టర్ ఉంది.

"ఆదివారమే" అన్నాడు రాజేశం మెల్లగా. "గా సీసా గూడ ఆదివారమే తెచ్చి గూట్ల పెడితివి. పాతది అయిపోయింది నాయనా, కొత్తది తెచ్చిన అంటివి."

నిఖిలేష్ చేతిలో ఉన్న తాళం చెవి మీట నొక్కాడు. తెల్ల కారు దీపాలు రెండుసార్లు వెలిగి ఆరాయి, తలుపులకు తాళం పడింది. పొద్దున తండ్రి ఆ చక్రం కడుగుతుంటే ఇతను నిలబడి చూశాడు. చూసి, ఎక్కించుకుని, గుడికి తీసుకుపోయి, హారతి ఇప్పించి తెచ్చాడు.

రాజేశం తడి చేతిని కొడుకు వైపు చాపాడు. "తాళం ఇయ్యి బిడ్డా."

నిఖిలేష్ తాళం చెవిని జేబులో వేసుకున్నాడు. "ఊరోళ్లకు మాటిచ్చే ముందు నన్ను ఒక్కమాట అడగకపోతివి నాయనా" అన్నాడు.

రాజేశం మళ్లీ అడగలేదు. చాపిన చేతిని వెనక్కి తీసుకుని నీళ్ల కింద పెట్టుకున్నాడు.

నేను షెడ్డులో ఉన్న జాకీ రాడ్ అందుకుని ఆ కారు అద్దం పగలగొట్టాను. శ్రావణ్‌కుమార్ నిఖిలేష్ మెడ పట్టి జీపు బానెట్ మీదికి వంచాడు. పైపు వాచ్‌మన్ చేతికి పోయింది. ముందు అరలో ట్యూబు దొరికింది. నేను రాజేశాన్ని ఇటుకల మీద కూర్చోబెట్టి వేళ్లకు మందు రుద్దుతుంటే, వెనక సి.ఐ. స్టేషన్‌కు ఫోన్ చేస్తున్నాడు. "ముత్యమ్మను కిందికెల్లి లేపి కుర్సీ ఎయ్యి. చాయ్ తెప్పియ్. కోర్టు లేదు, ఏం లేదు. నేనొచ్చి మాట్లాడ్త."

"అమ్మా" అన్నాడు రాజేశం. "నర్సింగ్‌కు గూడ గిట్లనే మండిందా?"

అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. "మండింది."

"నేనే కడగమన్న" అన్నాడు. కళ్లలోంచి నీళ్లు విభూతి మీదుగా జారుతున్నాయి.

ట్యూబులో సగానికి పైగా కొడుకు తన బొటనవేలికే వాడేసుకున్నాడు. అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చి, చివరి బొట్టు దాకా పిండితే కుడి చేతి ఐదు వేళ్లకూ సరిగ్గా సరిపోయింది. దూరంగా హైవే మీద అంబులెన్సు కూత వినపడుతోంది, ఇంకా దగ్గరికి రాలేదు. హమ్మయ్య అనుకుని ఖాళీ ట్యూబు కింద పడేశాను.

అప్పుడు రాజేశం ఎడమ చేతికి వేలాడుతున్న కొబ్బరిచిప్పల సంచిని మెల్లగా తీసి కింద పెట్టాడు. ఆ చేతిని నా ముందుకు చాపాడు. వేళ్ల కొసలు తెల్లగా ఉన్నాయి.

"చక్రం రెండు చేతులతోని కడుగుతరు గద అమ్మా" అన్నాడు.